బొట్టుకు సీటు దొరకని రోజు

మీ చేతిలోని ఫోను కోట్ల రంగులు చూపిస్తుందట. సంతోషమే. కొంచెం కుళ్ళు కూడా ఉంది, దాచడమెందుకు! నేను ఉద్యోగం చేసిన రోజుల్లో కంప్యూటరు తెర మొత్తానికి రెండు వందల యాభై ఆరు రంగులే. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, వాళ్ళ పట్టుబట్టలు, మెడలో దండలు, వెనక పరదా, కింద పేర్లు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. రంగుల ప్రపంచంలో పనిచేస్తున్నానని చుట్టాలకు గొప్పగా చెప్పుకునేదాన్ని గానీ, నిజానికది రంగుల కిరాయి గది. ఒకరు రావాలంటే ఇంకొకరు ఖాళీ చేయాలి.

సూర్యాపేటలో ఒక బట్టల దుకాణం పైన మా ఆఫీసు. మా ఓనరు ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు మూగబోయాక కంప్యూటర్ల మీద పడ్డాడు. ముందు గదిలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు, వెనక గదిలో నేను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊళ్ళ కేబుల్ ఛానెళ్ళలోనూ శుభాకాంక్షల ప్రకటనలు చూపించే ప్రోగ్రాం నేను రాసిందే. ఫొటోలు మా దగ్గరికి వచ్చేవి. స్కాన్ చేసి, రంగులు కుదించి, ఫ్లాపీలో వేసి, కవరు మీద ఊరి పేరు రాసి బస్సు కండక్టరు చేతికిచ్చేదాన్ని. అవతలి బస్టాండులో కేబులతను అందుకునేవాడు. ఆ రోజుల్లో మా ఇంటర్నెట్‌కు ఖాకీ చొక్కా ఉండేది. చిల్లర లేకపోతే విసుక్కునేది కూడా.

ఒక్క సంగతి మాత్రం ఓపికగా వినండి, మిగతా కథ దాని మీదే నడుస్తుంది. అప్పటి బొమ్మలో ఒక్కో చుక్క దగ్గర రంగు ఉండేది కాదు, నంబరు ఉండేది. ఏ నంబరుకు ఏ రంగు అన్నది వేరే జాబితాలో. దాన్ని పాలెట్ అనేవాళ్ళం. బొమ్మ బొమ్మకూ వేరే జాబితా రాసుకోవచ్చు. కానీ తెరకు మాత్రం ఒకసారికి ఒకటే జాబితా. హాస్టల్లో గది నంబరు అదే ఉండి లోపలి మనుషులు మారిపోయినట్టు, జాబితా మారితే అవే చుక్కలు ఇంకో రంగులో కనిపిస్తాయి.

దీని ఫలితం నాకు మొదట తెలియజేసింది కోదాడ కేబులాయన. ఒక పొద్దున ఫోను.

"మేడంగారండీ, నిన్న మన దాంట్లో పెళ్ళికొడుకు నీలంగా వచ్చాడండీ."

"నీలంగనా? ఎంతసేపు?"

"రెప్పపాటేననుకోండి. తర్వాతి ఫొటో వచ్చేలోపు. కానీ కాబోయే మామగారు చూసేశాడు. కృష్ణుడి అంశ ఉందేమోనండీ అని సర్దిచెప్పాను. ఇంకోసారి అవతారాలు ఎత్తించకండి. నేను కేబుల్ వాణ్ణి, పురాణం చెప్పేవాణ్ణి కాదు."

పాత ఫొటో తెర మీద ఉండగానే కొత్త ఫొటో జాబితా ఎక్కించడం వల్ల వచ్చిన అవతారమది. ఫొటోకూ ఫొటోకూ మధ్య తెరను ఒక్క క్షణం చీకటి చేస్తే సరిపోయింది. చీకట్లో ఎవరు ఏ రంగు మార్చారో ఎవరికీ పట్టదు. ఈ ఒక్క చిట్కాతో నేను పాలెట్ విద్యలో పండితురాలినయ్యానని అనుకున్నాను.

అసలు పరీక్ష వేరే ఉంది. రంగులు ఎంచడం. ఫొటోలో వేల రకాల రంగులుంటాయి. వాటిలో రెండు వందల యాభై ఆరింటినే ఉంచాలి. నేను రాసిన పద్ధతి సులువైనది. ఏ రంగు చుక్కలు ఎక్కువున్నాయో లెక్కపెట్టు, ఎక్కువున్న వాటికి సీటివ్వు. సీటు దొరకని రంగు తనకు దగ్గరగా ఉన్న రంగు ఒళ్ళో కూర్చుంటుంది. మా వైపు షేరు జీపుల్లో అదే కదా పద్ధతి! ముదురు నీలం పోయి లేత నీలం ఒళ్ళో కూర్చుంటే చూసేవాళ్ళకు తేడా తెలియదు. బాగానే నడిచింది.

నా సౌభాగ్యం ఇంకొకటి చెప్పాలి. రంగుల ప్రోగ్రాం రాసే నాకిచ్చిన తెర నలుపు తెలుపుది. ఆఫీసులో కలర్ మానిటర్ ఒక్కటే ఉండేది, అది ముందు గదిలో ఫీజు కట్టిన పిల్లలకు. అడిగితే మా ఓనరు, "చెల్లె, నీకు రంగులు నంబర్లల్ల తెలుసు గద, మళ్ల కండ్లతోటి సూసుడెందుకు?" అనేవాడు. పొగడ్త అనుకుని ఊరుకున్నాను.

ఆ ఏడు మిర్యాలగూడ నుంచి ఒక ఫొటో వచ్చింది. రైసు మిల్లు పెద్దాయన షష్టిపూర్తి. భార్యాభర్తలిద్దరూ స్టూడియోలో దిగిన ఫొటో. ఆయనకు అంతకు ముందే గుండె ఆపరేషన్ అయింది. ఆయన్ను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయినప్పుడే ఆమె మొక్కుకుందట, బతికి బయటికొస్తే షష్టిపూర్తి ఘనంగా చేసుకుంటామని. షష్టిపూర్తి అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. మగవాడికి అరవై నిండినప్పుడు, ఇంకా నిండా బతకాలని శాంతి చేయించి, మళ్ళీ పీటల మీద కూర్చుని సొంత పెళ్ళాన్నే ఇంకోసారి పెళ్ళి చేసుకోవడం. రెండోసారి తెలిసీ చేసుకోవడం కాబట్టి ధైర్యమున్న పని.

ఫొటోలో ఆమె చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంది. వెనక స్టూడియో పరదా మీద ఆకాశం, చెరువు, హంసలు. నా నలుపు తెలుపు తెర మీద చూశాను. ఇద్దరూ నవ్వుతున్నారు. బాగుందనుకుని కండక్టరు చేతికిచ్చాను.

షష్టిపూర్తికి రెండు రోజుల ముందు సాయంత్రం ప్రకటన టీవీలో వచ్చింది. మర్నాడు పొద్దున్నే మిర్యాలగూడ కేబులబ్బాయి ఫోను. మా మాటల్లో "అక్కా" ముందొస్తే పని, "అక్కా" రెండుసార్లొస్తే ప్రమాదం.

"అక్కా, అక్కా, కొంప మునిగింది. అమ్మ నొసట బొట్టు లేదు."

"ఏ అమ్మకురా?"

"మిల్లు అమ్మకు. టీవీల ఊరంత సూసింది. పక్కన సార్ మంచిగ నవ్వుకుంట కూసున్నడు, అమ్మ నొసలు బోసిగుంది. హాలియా నుంచి సార్ చెల్లె వచ్చింది, ఆమెనే ముందుగాల సూసి 'వదినె, నీ బొట్టేది' అన్నదంట. ఇగ అంతే. అమ్మ మంచం పట్టింది. తింటలేదు. రేపు పీటల మీద కూసోనంటంది. దేవుడే ముందుగాల చెప్పిండు, మొక్కు తీరకముందే ఆయనకేదో అయితది అని ఒకటే ఏడుపు."

"సార్ ఏమంటున్నరు?"

"ఏమంటడు? 'నేను బతికుండంగనే టీవీల నన్ను సంపినోడు ఎవడు' అంటుండు. ఎవడు గాదు, మా అక్క అని చెప్పలే నేను."

పాలెట్ మార్చకుండానే నా ముఖంలో రంగులు మారాయి. ముందు గదికి పరిగెత్తి, పాఠం వింటున్న పిల్లల్ని లేపి, కలర్ మానిటర్ మీద ఆ ఫొటో పెట్టి చూశాను. నిజమే. నున్నటి నొసలు. బొట్టుండాల్సిన చోట చర్మం రంగు.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ పరదా! ఆకాశం పైన ముదురు నీలం, దిగుతూ దిగుతూ లేత నీలం, చెరువులో ఇంకో నీలం. నీలంలో ఎన్ని ఛాయలున్నాయో అన్నీ వచ్చి సీట్లు పట్టుకున్నాయి. మిగిలినవి చీరకూ చర్మానికీ పోయాయి. బొట్టు పాపం చిటికెడు. నా లెక్కలో అది సోదిలోకి కూడా రాలేదు. చీర అంచయినా ఎర్రగా ఉంటే దాని ఒళ్ళో కూర్చునేది. చుట్టుపక్కల ఎరుపు లేదు కనుక దగ్గరున్న చామనఛాయ ఒళ్ళో కూర్చుని కనబడకుండా పోయింది.

మా ఓనరు తల గోక్కున్నాడు. "మౌసుతోటి ఓ చుక్క పెట్టి పొద్దుగూకంగ మళ్ల ఏస్తే అయిపాయె గద, చెల్లె."

"పెట్టొచ్చన్నా. ఆమె టీవీ మొకం సూస్తెనా?"

"అయితే నువ్వే పోయి చెప్పు. నేను పోతే కొడ్తరు. ఆడమనిషివి, నిన్ను కొట్టరు."

"తిడితే?"

"తిడితే పడాలె. ప్రోగ్రాం ఎవలది?"

ప్రోగ్రామూ, రంగులు కుదించక ముందటి ఫొటోనూ ఉన్న ఫ్లాపీలు సంచీలో వేసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. ఏం చెప్పాలో తోచడం లేదు. పెన్‌పహాడ్‌లో ఒకామె నెత్తిన మూటతో ఎక్కింది. ఎక్కగానే నా ముందు సీట్లో కూర్చున్నాయన భుజం మీద తట్టింది.

"లే పెద్దమనిషీ. గిది ఆడోళ్ల సీటు."

"బస్సు నిండ మొగోళ్లమే ఉన్నం. ఎనక కూసున్నామె తప్పిస్తే నువ్వొక్కదానివి. నీకోసం లేవాల్నా?"

"ఒక్కదాన్నయితే ఏంది? మీరు బస్సు నిండ ఉన్నరని నా సీటు మీదయితదా? రాసి పెట్టింది సూడు. సదువు రాకుంటే సదివించుకో."

బస్సంతా నవ్వింది. ఆయన లేచాడు. ఆమె మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను మాత్రం ఆ సీటు మీద రాసిన అక్షరాల్నే చూస్తూ ఉండిపోయాను. లెక్క మొదలుపెట్టక ముందే కుంకుమ ఎరుపుకు ఒక సీటు రాసిపెడితే? పసుపుకు ఒకటి? పరదాలో ఎన్ని నీలాలున్నా మిగతా సీట్లలో కొట్టుకు చావనీ. నా బుర్రకు ఆ మాత్రం తట్టడానికి ఒకరి భుజం మీద దెబ్బ పడాల్సి వచ్చింది.

మిర్యాలగూడలో కేబులబ్బాయి గదిలోనే కూర్చుని ప్రోగ్రాం సవరించాను. ఫొటోను మళ్ళీ కుదిస్తే, వచ్చేసింది బొట్టు, గుండ్రంగా, ఎర్రగా. కంప్యూటర్నీ మానిటర్నీ ఆటోలో పెట్టుకుని మిల్లాయన ఇంటికి వెళ్ళాం. వాకిట్లో పందిరి వేస్తున్నారు. వేసేవాళ్ళకు రేపు పని ఉంటుందో ఉండదో తెలియదు, వాసాలు మెల్లగా ఎత్తుతున్నారు. పెద్దాయన అరుగు మీద కుర్చీలో ఉన్నాడు.

"ఎవలమ్మ నువ్వు?"

"టీవీల ఫొటో... అది నేనే చేసిన సార్."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. తిట్టడానికి పొద్దుటి నుంచీ పోగుచేసిన మాటలన్నీ మగవాడి కోసం కుట్టినవి. నాకు సరిపోలేదు. "లోపటికి పో," అన్నాడు చివరికి. "నేను బతికే ఉన్ననే అంటే ఇంటలేదు. నీ మాటన్న ఇంటదేమో సూడు."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన హాలియా ఆడబిడ్డ, కోడళ్ళు. స్టూలు మీద మానిటర్ పెట్టాను. మంచం దగ్గర కూర్చుని నాకు తెలిసిందంతా చెప్పాను. సీట్లు, లెక్కలు, పరదా, అన్నీ. ఆమె ఇటు తిరిగింది. నొసట చిన్న బొట్టు, ఏడుపుకు చెదిరిపోయింది.

"లెక్కల తక్కువ పడ్డదంటవు."

"అవునమ్మా."

"గన్ని రంగులుండంగ నా బొట్టే ఎందుకు పోవాలె? గా హంసలు పోవచ్చు గద."

"హంసలు పెద్దగున్నయమ్మా," అన్నాను. నా చెవికే ఎంత అన్యాయంగా వినిపించిందో!

"హంసలు పెద్దగుంటయి. ఆయన పానం చిన్నగుంటది," అని ఆమె మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఇక చెప్పి లాభం లేదు, చూపించాలి అనుకున్నాను. పాత ఫొటో ఎడమ వైపు, బొట్టున్న కొత్త ఫొటో కుడి వైపు, ఒకేసారి తెర మీద పెడదామని మీట నొక్కాను. పాలెట్ పండితురాలిని కదా! తెరకు ఒకసారికి ఒకే జాబితా అన్న సంగతి ఆ కంగారులో ఎక్కడ మరిచానో మరిచాను.

కుడి వైపు కొత్త ఫొటో చక్కగా వచ్చింది. ఎడమ వైపు పాత ఫొటోలో పెద్దాయన ముఖం ఆకుపచ్చగా అయిపోయింది. చెవులు, ముక్కు, నవ్వు, మొత్తం ఆకుపచ్చ.

కోడళ్ళు కెవ్వుమన్నారు. ఆమె లేచి కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడబిడ్డ ఒక్కతే తెర దగ్గరికి వంగింది. "అన్న పచ్చగుండాలె అని దీవించిన గని, గింత పచ్చగనా!"

ఎవరూ నవ్వలేదు. గబుక్కున మళ్ళీ మీట నొక్కాను, ఈసారి పాత ఫొటో జాబితా ఎక్కింది. ఎడమ వైపు ఆయన మామూలు మనిషయ్యాడు. ఇప్పుడు కుడి వైపు ఆయన వంకాయ రంగులోకి దిగాడు. మళ్ళీ నొక్కాను. కుడి బాగుపడింది, ఎడమ పచ్చబడింది. ఒక ముఖాన్ని కాపాడబోతే ఇంకోటి పోతోంది. నాకు రంగు పడిందని తెలిసిపోయింది. కేబులబ్బాయి వైర్లు పీకేద్దామా అన్నట్టు చూస్తున్నాడు.

"ఆగు," అంది ఆమె. కొంగు నోటి మీద నుంచి తీసింది. "ఇప్పుడేం జేసినవ్?"

"మీట నొక్కిన అమ్మా."

"గంతేనా? ఏదీ, మళ్ల నొక్కు."

నొక్కాను. పచ్చ.

"మళ్ల."

వంకాయ.

"ఇటు తే. నేను నొక్కుత."

కీబోర్డు ఆమె ఒళ్ళో పెట్టాను. ఏది నొక్కాలో చూపించాను. వేడి పెనం ముట్టుకున్నట్టు ఒక్క వేలితో తాకింది. ఆయన పచ్చబడ్డాడు. ఇంకోసారి తాకింది. బాగయ్యాడు. ఆ తర్వాత ఆమె ఆగలేదు. నొక్కడం, చూడటం. నొక్కడం, చూడటం. అరుపులు విని పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, తెర మీద తన ముఖం చూసి నిలబడిపోయాడు.

"ఏందే ఇది? నన్ను గోంగూర జేస్తున్నవా?"

"నువ్వు జర నోరు మూస్కో. సూడనీ," అంది ఆమె తల తిప్పకుండా. పొద్దుటి నుంచీ ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదేనని తర్వాత తెలిసింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇంకో రెండుమూడుసార్లు ఆయన్ను గోంగూర చేసి, వంకాయ చేసి, ఆమె కీబోర్డు పక్కన పెట్టింది. ఆడబిడ్డ వైపు తిరిగింది.

"సూసినవా! దేవుడు చెప్పేదయితే, నేను నొక్కినప్పుడల్ల చెప్తడా? ఇన్నేండ్ల సంది మొక్కుతున్న, నా మాట ఎన్నడన్న గిట్ల ఎంటనే విన్నడా దేవుడు?"

"ఇనలే వదినె."

"మరి? గిది మిషినే." ఒక నిట్టూర్పు విడిచి, ఒక కోడలితో, "ఇంత అన్నం పెట్టు బిడ్డ. ఆకలైతుంది," అంది.

బాబూ, అమ్మాయీ, మీరెవరైనా ఈ పని నేర్చుకుంటుంటే ఇది రాసిపెట్టుకోండి. నేను శ్రద్ధగా సవరించిన ప్రోగ్రాం ఆ ఇంట్లో ఎవరినీ ఒప్పించలేదు. ఒప్పించింది నేను మరిచిపోయిన జాబితా. పనికొచ్చిన ఆ పొరపాటును నేను పథకం వేసి చేశానని ఆఫీసులో చెప్పుకున్నాను. మా ఓనరు నమ్మాడు. ఆయన రేడియోల మనిషి, రెండు దెబ్బలు కొడితే బాగుపడే యంత్రాల మీద ఆయనకు గౌరవం.

అన్నం తింటూ ఆమె నన్ను అడిగింది, "బొట్టు ఎంత పెద్దగుంటే నీ మిషిన్ లెక్కల కొస్తది?"

"పెద్దగ అక్కర్లేదమ్మా. ఎంత చిన్నగున్నా సరే. దానికి సీటు రాసిపెట్టిన."

"నీ సీటు నీ తాన్నే ఉండనీ. ఎంత ఉండాలె, గది చెప్పు."

ఇంకేం చేస్తాను, బొటనవేలు చూపించాను.

మర్నాడు నేనూ, ఇక కొట్టరని నమ్మకం కుదిరిన మా ఓనరూ కలిసే వెళ్ళాం. ఆమె పీటల మీద కూర్చుంది. నొసట నా బొటనవేలుకు రెండింతల బొట్టు. హంసల పరదా స్టూడియో అతనే వచ్చి ఫొటోలు తీశాడు. ఆ సాయంత్రం టీవీలో ఊరంతా చూసినది బొట్టునే, మనుషులు దాని వెనక ఉన్నారు. ఆ తర్వాతి పెళ్ళిళ్ళ కాలంలో ఆ స్టూడియో అతను వచ్చిన ప్రతి ఆడమనిషికీ "బొట్టు పెద్దగ పెట్టుకొని రాండ్రి, చిన్నగుంటే కంప్యూటర్‌కు ఆనదు" అని చెప్పడం మొదలుపెట్టాడని కేబులబ్బాయి ఫోన్ చేశాడు. నా ప్రోగ్రాంలో రిజర్వు చేసిన సీట్లు పనిచేస్తూనే ఉన్నాయి, పేరు మాత్రం కుంకుమ భరిణెకే పోయింది.

షష్టిపూర్తి నాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక సెలవు తీసుకుందామని ఆమె దగ్గరికి వెళ్ళాను. రవికె గుడ్డ, పసుపు కుంకుమ చేతిలో పెట్టింది. నా నొసటి మీది స్టిక్కరు బొట్టును కళ్ళు చికిలించి చూసింది. దాన్ని గోటితో తీసి గడపకు అంటించింది. భరిణెలో వేలు ముంచింది.

"నీకు గూడ పెద్దగనే పెడ్త. దినమంత గా మిషిన్ ముందర కూసుంటవు. కనబడొద్దా దానికి?"